కొట్టేసిన సరైన జవాబు: మిల్లీహెర్ట్జ్ దగ్గర ఆగిపోయిన ఒక అమ్మాయి కేసు

ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది ఒక్క విద్యార్థిని సంగతి. పేరు, ఊరు, కాలేజీ, ఏ సంవత్సరం అన్నవి తీసేశాను. లెక్కలు, ఆమె రాసిన జవాబులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో పాఠమంతా ఆ అంకెల్లోనే ఉంది.

తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల పొడవు, కట్టడమంటే ఒక్క భాగహారం. వేగాన్ని పౌనఃపున్యంతో, అంటే సెకనుకు ఎన్ని అలలన్న సంఖ్యతో (దాని కొలమానం హెర్ట్జ్), భాగిస్తే చాలు. ఆ ఒక్క భాగహారం దగ్గర ఒక తెలివైన అమ్మాయి ఆరు వారాలు ఇరుక్కుపోయింది. అందులో నాలుగు వారాల పాపం నాది.

నేపథ్యం

ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంగ్లిష్ మీడియం కాలేజీ, హాస్టల్. ఆదివారం మధ్యాహ్నాలు నా దగ్గరికి వచ్చేది. మ్యాథ్స్‌లో దిట్ట. ఇంటిగ్రేషన్ లెక్కలు నాకంటే వేగంగా చేసేది, అతిశయోక్తి కాదు. వారం పరీక్షల్లో "తరంగాలు", "విద్యుదయస్కాంత తరంగాలు" పాఠాల దగ్గర మాత్రం మార్కులు కారిపోతున్నాయి. కాలేజీ లెక్చరర్ పేపర్ మీద "కేర్‌లెస్ మిస్టేక్స్" అని రాసి పంపేవారు. ఆమె కూడా అదే నమ్మింది. "అజాగ్రత్త సార్, ఇంకోసారి చూసుకుంటే సరిపోతుంది" అంది మొదటి రోజు.

పోయిన మార్కులన్నీ ఒకే చోట పోతుంటే దాన్ని అజాగ్రత్త అనడానికి నాకు మనసొప్పలేదు. అజాగ్రత్త అన్ని చోట్లా సమానంగా ఉండాలి కదా.

సమస్య ఎక్కడ మొదలైంది

ఏడు లెక్కలతో ఒక షీటు తయారుచేసి ఇంటికిచ్చాను. పుస్తకాలు చూసుకోవచ్చు, ఎంత సేపైనా తీసుకోవచ్చు, క్యాలిక్యులేటర్ మాత్రం వద్దు. పెద్ద పౌనఃపున్యం నుంచి చిన్నదానికి దిగుతూ పోయేలా పేర్చాను. మెట్లు దిగుతుంటే ఏ మెట్టు మీద కాలు జారుతుందో కనబడాలని.

మొదటిది వైఫై, 2.4 గిగాహెర్ట్జ్. రెండోది 98.3 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం. మూడోది హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్, 738 కిలోహెర్ట్జ్. నాలుగోది 18.2 కిలోహెర్ట్జ్, తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో మన నౌకాదళం జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రానిది. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేసింది కూడా ఇలాంటి కేంద్రానికే. జనం దాన్ని "రాడార్ స్టేషన్" అంటున్నారు గానీ అది రాడార్ కాదు. ఐదోది ఇంటి కరెంటు పౌనఃపున్యం, 50 హెర్ట్జ్ ఉన్న విద్యుదయస్కాంత తరంగం శూన్యంలో ఎంత పొడవుంటుంది అని. ఆరోది 20 హెర్ట్జ్ ధ్వని, గాలిలో. ఏడోది సునామీ: లోతు 4,000 మీటర్లున్న సముద్రంలో, పౌనఃపున్యం 0.556 మిల్లీహెర్ట్జ్, అంటే అరగంటకో అల. సునామీ వేగం ఎంతో నేనివ్వలేదు. వెతుక్కోమన్నాను.

మొదటి మూడూ సరైనవే: 12.5 సెంటీమీటర్లు, 3.05 మీటర్లు, 406.5 మీటర్లు. ఈ మూడోది చూస్తే నా తరం వాళ్లకు చెవుల్లో మోగుతుంది. మా చిన్నప్పుడు రేడియోలో అనౌన్సర్ మీటర్లు, కిలోహెర్ట్జ్ రెండూ కలిపి చెప్పేవారు. తరంగదైర్ఘ్యం కట్టిన లెక్క రోజూ ఉదయాన్నే ఇంటికి వచ్చేది, లెక్కని మాకు తెలియకుండానే.

నాలుగో జవాబు 16.5 కిలోమీటర్లు. సరైనదే గానీ పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం. ఐదో దానికి 6×10⁻⁶ మీటర్లు. ఆరో దానికి 1.5×10⁻⁷ మీటర్లు. ఏడో దానికి 540 మీటర్లు.

నేను ఎర్ర పెన్ను తీసి ఐదు, ఆరు పక్కన "ఘాతాంకాల తప్పు" అని రాశాను. ఏడు పక్కన "మిల్లీని మెగా అనుకుంది" అని రాశాను. చిన్న ఎమ్‌కు, పెద్ద ఎమ్‌కు మధ్య వంద కోట్ల రెట్ల తేడా ఉంది. మెగాహెర్ట్జ్ రోజూ వినే మాట, మిల్లీహెర్ట్జ్ ఆమె జీవితంలో మొదటిసారి చూసిన మాట. ఈ ఒక్క నిర్ధారణ వరకూ నేను సరిగానే ఉన్నాను. మిగతాది తొందరపాటు.

మొదటి ప్రయత్నం: ఘాతాంకాల సాధన

ఘాతాంకాల తప్పు అని రాశాక మందు కూడా అదే దారిలో దొరుకుతుంది. రెండు వారాలు రోజుకు పదేసి లెక్కలు. పదికి మైనస్ నాలుగో ఘాతంతో భాగిస్తే హారంలోంచి పైకి వచ్చి ప్లస్ నాలుగు అవుతుందని, మిల్లీ అంటే వెయ్యో వంతని. రెండో ఆదివారానికి ఒక్క తప్పు లేదు. నాకు సంబరం.

మూడో ఆదివారం అదే ఏడు లెక్కల షీటు అంకెలు కొద్దిగా మార్చి ఇచ్చాను. అవే మూడు తప్పులు, అదే పద్ధతిలో.

కారణం ఇప్పుడు తేలిగ్గా కనబడుతోంది. సాధన లెక్కల్లో వేగం నేనే ఇచ్చాను, పౌనఃపున్యం నేనే ఇచ్చాను. అవి కేవలం అంకెలు. అల అన్న వస్తువు వాటిలో ఎక్కడా లేదు. ఘాతాంకాల్లో ఆమెకు ఏనాడూ ఇబ్బంది లేదు. లేని జబ్బుకు రెండు వారాలు మందు పోశాను.

ఆ రాత్రి పాత షీటు తీసి టేబుల్ లైటు కింద పెట్టి చూశాను. ఐదో లెక్క దగ్గర, 6×10⁻⁶ అన్న జవాబు పైన, నీలి సిరాతో కొట్టేసిన ఒక పంక్తి. జాగ్రత్తగా చదివితే 6×10⁶. సరైన జవాబు. ముందు సరిగా కట్టి, తర్వాత కొట్టేసి, మైనస్ గుర్తు చేర్చింది. ఆరో దాని పైన కూడా అంతే. 1.5×10⁷ రాసి కొట్టేసింది.

మూడు వారాలుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆఖరి పంక్తిని చూసి మార్కులేసే అలవాటు మాస్టార్లకు ఎంత చేటో చెప్పడానికి ఈ ఒక్క కాగితం చాలు.

మరుసటి ఆదివారం ఆ కొట్టివేత మీద వేలు పెట్టి, ఎందుకు కొట్టేశావని అడిగాను. తడుముకోకుండా చెప్పింది.

"ఆరు వేల కిలోమీటర్లు వచ్చింది సార్. మన దేశమే ఉత్తరం నుంచి దక్షిణానికి 3,214 కిలోమీటర్లు. అంత అల ఎక్కడ పడుతుంది?"

ఎక్కడ పడుతుంది! ఇది అజాగ్రత్త చూపే పిల్ల అడిగే ప్రశ్న కాదు. జవాబును లోకంతో పోల్చి చూసే పిల్ల అడిగే ప్రశ్న. అలా పోల్చి చూడమని నేనే ఏళ్ల తరబడి పిల్లలకు చెప్తున్నాను. ఆమె పోల్చింది. పోల్చడానికి ఆమె దగ్గరున్న అల మాత్రం పుస్తకంలో గీసిన అల. పేజీ వెడల్పులో రెండు శృంగాలు, రెండు ద్రోణులు, మధ్యలో బాణం గుర్తు. ఆమె మనసులో అల అంటే మొత్తం కంటికి కనబడే వస్తువు. గదిలోనో, ఊళ్లోనో, కనీసం దేశంలోనో పట్టాలి.

ఏడో లెక్కలో ఆమె 540 మీటర్లను కొట్టెయ్యలేదు. అది నమ్మదగ్గ సైజు. సముద్రంలో అర కిలోమీటరు అల, బానే ఉందనిపించింది. సరైన జవాబును అనుమానించి కొట్టేసింది, తప్పు జవాబును నమ్మి ఉంచేసింది. ఆరో లెక్కలో ఇంకో మలుపు. ధ్వనికి కాంతి వేగం వాడింది కాబట్టి 1.5×10⁷ నిజంగానే తప్పు. అక్కడ ఆమె అనుమానం నూటికి నూరు పాళ్లు న్యాయమైనది, దిద్దిన తీరే తప్పు.

రెండో ప్రయత్నం: "కొట్టెయ్యకు"

ఇక్కడ నేను చేసిన పొరపాటు మొదటిదానికంటే పెద్దది. జబ్బు తెలిసింది కాబట్టి ఉత్సాహంలో సూటిగా చెప్పేశాను: "అలలు ఎంత పొడవైనా ఉండొచ్చు. పెద్ద జవాబు వచ్చిందని భయపడి కొట్టెయ్యకు." సరిచూసుకోవడానికి ఒక ఆన్‌లైన్ కన్వర్టర్ కూడా చూపించాను. పౌనఃపున్యం పెడితే తరంగదైర్ఘ్యం ఇచ్చే రకం.

వారం తర్వాత సునామీ లెక్కకు వచ్చిన జవాబు 5.4×10¹¹ మీటర్లు. కన్వర్టర్ ఇచ్చిందే రాసింది. ఆ కన్వర్టర్‌లో వేగం అన్న గడే లేదు. సెకనుకు 3×10⁸ మీటర్లు లోపల బిగించి ఉంది. రేడియో వాళ్ల కోసం చేసిన పనిముట్టు అది.

"ఇది ఎంత పొడవో తెలుసా?" అన్నాను.

"54 కోట్ల కిలోమీటర్లు సార్."

"సూర్యుడు ఎంత దూరం?"

"15 కోట్లు." ఒక్క క్షణం ఆగింది. "పెద్ద జవాబు వస్తే కొట్టెయ్యొద్దన్నారు కదా సార్."

నాకు మాట రాలేదు. బంగాళాఖాతంలో పుట్టిన అల ఒక్కటి సూర్యుడి దాకా మూడున్నర సార్లు పరుచుకుంటుందని ఆ పిల్ల రాసిందంటే, అలా రాయమని చెప్పింది నేను. ఆమెలో ఉన్న ఒకే ఒక్క రక్షణ, జవాబును లోకంతో పోల్చి చూసే గుణం. దాన్ని నేనే ఊడబెరికాను. అంతకుముందు పెద్దవన్నీ అబద్ధం. ఇప్పుడు పెద్దవన్నీ నిజం. రెంటిలోనూ కొలబద్ద లేదు.

మూడో ప్రయత్నం: యానకం చూడు

తప్పంతా వేగంలోనే ఉందని తేలింది కాబట్టి ఒక నియమం పెట్టాను. లెక్క మొదలెట్టే ముందు యానకం పేరు, అంటే అల దేనిలో పోతోందో, రాయాలి. శూన్యమా, గాలా, నీరా, నేలా. యానకాన్ని బట్టి వేగం.

20 హెర్ట్జ్ ధ్వని దెబ్బకు సరైంది. గాలి అని రాసింది, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు 349 మీటర్లు తీసుకుంది, 17 మీటర్ల పైచిలుకు వచ్చింది. మనిషి చెవికి అందే అతి తక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వని కాబట్టి చదివే గదికన్నా పొడవైన అల అని తనే అంది. అది వినగానే ఇక గెలిచామనుకున్నాను.

సునామీకి నీరు అని రాసింది. పుస్తకం పట్టికలో నీటిలో వేగం చూసింది. సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. జవాబు 2,700 కిలోమీటర్లు. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అయినా తప్పే. ఆ పట్టికలో ఉన్నది నీటిలో ధ్వని వేగం. సునామీ ధ్వని కాదు. నీరు పైకి లేస్తుంది, గురుత్వం కిందికి లాగుతుంది, ఆ లాగుడు పక్కకు పాకుతుంది. ఒకే నీటిలో ఒకే పౌనఃపున్యంతో రెండు రకాల అలలు రెండు వేర్వేరు వేగాలతో పోగలవు. యానకం పేరు సగం సమాధానమే.

ఈ జవాబులోనూ ఒక కొలబద్ద ఉంది. బంగాళాఖాతం ఎంత వెడల్పున్న చోటైనా దాదాపు 1,600 కిలోమీటర్లే. అది చూపించి 2,700 కుదరదని చెప్పబోయాను. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. ఆమె మొదటి రోజు చేసింది సరిగ్గా అదే వాదన. అల పట్టడం లేదు కాబట్టి తప్పు. 50 హెర్ట్జ్ దగ్గర ఆ వాదన చెల్లదని చెప్పి, సునామీ దగ్గర చెల్లుతుందని చెప్తే పిల్ల నన్ను ఏమనుకోవాలి? ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో ముందు నాకు తేలాలి. నిజానికి ఎక్కడా చెల్లదు. అల కొలతకు, అది పోయే చోటు కొలతకు ఒప్పందమేమీ లేదు. 2,700 తప్పు కావడానికి కారణం వేగం తప్పు కావడం ఒక్కటే.

పని చేసింది: బస్సులు

ఐదో వారం పుస్తకం ముయ్యమన్నాను. ముందు మాట దగ్గర మొదలెట్టాను. ఆమెకు ఫ్రీక్వెన్సీ అంటే ఒక సంఖ్య, రేడియో మీద రాసి ఉండేది. పౌనఃపున్యం అన్న మాట పదో తరగతిలో బట్టీ పట్టింది. "అందులో పునః పునః ఉంది చూశావా?" అన్నాను. మళ్లీ మళ్లీ రావడం. ఎంత తరచుగా వస్తోంది అన్నదే ఆ మాట. ఆమె ముఖంలో వెలుగు చూశాను. తెలుగు మీడియం చదివిన పదేళ్లు ఆ రోజు అక్కరకొచ్చాయి.

"మీ ఊరికి బస్సు ఎంత తరచుగా వస్తుంది?"

"రోజుకు రెండు సార్. పన్నెండు గంటలకొకటి."

"మండల కేంద్రం నుంచి?"

"గంటకు మూడు."

బస్సు గంటకు 45 కిలోమీటర్లు పోతుందనుకుందాం. గంటకు మూడంటే 20 నిమిషాలకొకటి. రెండో బస్సు స్టాండులో కదిలేసరికి మొదటి బస్సు ఎంత దూరం పోయి ఉంటుంది? 15 కిలోమీటర్లు. రెండు బస్సుల మధ్య దూరం అదే. అదే తరంగదైర్ఘ్యం. ఇప్పుడు పన్నెండు గంటలకొక బస్సు. మొదటిది ఆగకుండా పోతూనే ఉంటే రెండోది కదిలేసరికి 540 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయల్దేరిన బస్సు దాదాపు బెంగళూరు పొలిమేరల్లో ఉంటుంది. ఎంత అరుదుగా బయల్దేరితే అంత ఎడం. ఇందులో భాగహారమే లేదు. వేగాన్ని ఆవర్తన కాలంతో, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య గడిచే కాలంతో, గుణించడమే. సూత్రం రెండు విధాలుగానూ ఒకటే, నిజమే. కానీ 0.000556తో భాగించమంటే అది అంకెలతో కుస్తీ. 1,800 సెకన్లతో గుణించమంటే అది అరగంట ప్రయాణం.

అప్పుడు ఆమె పాత ప్రశ్నను నేనే బయటికి తీశాను. మీ ఊరి రూటు ఎంత పొడవు? 30 కిలోమీటర్లు. బస్సుల మధ్య ఎడం 540. మరి 540 కిలోమీటర్లు 30 కిలోమీటర్ల రూటులో ఎక్కడ పడుతుంది?

ఆమె నవ్వింది. "పడక్కర్లేదు సార్. రోడ్డు మీద ఒక్క బస్సు కూడా లేని గంటలే ఎక్కువ. అయినా రోజుకు రెండు వస్తూనే ఉంటాయి."

ఇల్లు కూడా అంతే. 6,000 కిలోమీటర్ల అలలో మన ఇంటి వైరింగ్ ఏ పదిహేను మీటర్లో. అందుకే స్విచ్ దగ్గరా, ఫ్యాను దగ్గరా కరెంటు ఒకే క్షణంలో ఒకే దశలో ఉందని ధీమాగా లెక్కలు కడతాం. ఇంటర్ పుస్తకంలోని ఏసీ సర్క్యూట్ల పాఠమంతా ఆ ధీమా మీదే నిలబడింది గానీ, ఆ సంగతి పుస్తకంలో ఎవరూ చెప్పరు.

ఇక వేగం. బస్సు వేగాన్ని నిర్ణయించేది ఎవరు? రోడ్డొక్కటే కాదు, బండి కూడా. అదే రోడ్డు మీద లారీ వేగం వేరు, బైకు వేగం వేరు. కాబట్టి "యానకం ఏది" అన్న నా పాత ప్రశ్న తీసేసి "ఈ దారిలో పోతున్నది ఏది, దాన్ని నడిపిస్తున్నది ఏది" అని పెట్టాను. సునామీని నడిపేది గురుత్వం. అల పొడవుతో పోలిస్తే సముద్రం పలచటి పొర, అందుకని లోతే వేగాన్ని శాసిస్తుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే వేగం. 9.8ని 4,000తో గుణిస్తే 39,200. వర్గమూలం 198. సెకనుకు 198 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్ల పైనే, జెట్ విమానం వేగానికి దగ్గర. 2004 డిసెంబర్ 26న ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపిస్తే దాదాపు రెండున్నర గంటల్లో అల మన తూర్పు తీరాన్ని తాకిందంటే ఈ వేగాలే కారణం. 198ని 1,800తో గుణించి ఆమె నోటితోనే చెప్పింది: 356 కిలోమీటర్లు.

లోతు 10 మీటర్లకు తగ్గితే? సెకనుకు 9.9 మీటర్లు, అల పొడవు దాదాపు 18 కిలోమీటర్లు. పౌనఃపున్యం మారదా అని అడిగితే తనే బస్సుల్లోకి వెళ్లింది. ఘాట్ రోడ్డు ఎక్కితే బస్సులు నెమ్మదించి దగ్గర దగ్గరవుతాయి, కానీ డిపోలో బయల్దేరే బస్సుల సంఖ్య మారదు కదా అంది. ఆ పోలిక నాకు తట్టలేదు. ఆ తర్వాత నేను చెప్పిన ప్రతి బ్యాచ్‌కూ ఆమె ఘాట్ రోడ్డునే వాడుకుంటున్నాను.

బస్సు పోలిక ఒక చోట విరిగింది, అది కూడా రాయాలి. "అయితే సార్, సుమత్రా నీళ్లు ఇక్కడికి వచ్చాయా?" అంది. బస్సు నిజంగా ప్రయాణం చేసే వస్తువు. అలలో ప్రయాణించేది ఊపు, నీళ్లు కాదు. నడిసముద్రంలో నీళ్లు ఉన్న చోటే కొంచెం ముందుకూ వెనక్కూ కదులుతాయి. మీటరు ఎత్తు కూడా లేని గుట్ట 356 కిలోమీటర్ల మేర పరుచుకుని, అరగంటలో లేచి దిగుతుంటే పైనున్న ఓడకు తెలిసే అవకాశమే లేదు. పోలిక విరిగిన చోటును దాచకుండా అక్కడే చెప్పడం మంచిదైంది. లేకపోతే బస్సు ఇంకో కొత్త పొరపాటును మోసుకొచ్చేది.

సముద్రం దగ్గర పరీక్ష

సంక్రాంతి సెలవుల్లో వాళ్ల బంధువుల ఊరికి, సముద్రం ఒడ్డుకు వెళ్తానంది. వాచీ పట్టుకుని అలలు లెక్కపెట్టమన్నాను. వచ్చి చెప్పింది: రెండు నిమిషాల్లో పన్నెండు. అంటే పది సెకన్లకొకటి, 0.1 హెర్ట్జ్.

నేను అడక్కముందే లెక్క కట్టుకొచ్చింది. నడిసముద్రం లోతు 4,000 మీటర్లు, వేగం 198, పది సెకన్లు, 1,980 మీటర్లు. ఆ పక్కనే ఆమె రాసిన వాక్యం ఇది: "కానీ రెండు కిలోమీటర్ల అలలు కావు ఇవి, నేను చూశాను. వేగం తప్పు అయి ఉండాలి."

ఈసారి కొట్టెయ్యలేదు. మైనస్ గుర్తు చేర్చలేదు. అనుమానాన్ని సరైన చోట, వేగం మీద పెట్టింది. నా దృష్టిలో కేసు ఆ వాక్యంతో తేలిపోయింది. ఆ తర్వాత నేను చెప్పింది అదనం మాత్రమే. లోతుతో పోలిస్తే పొట్టివైన అలలకు అడుగు ఉన్నట్టే తెలియదు, వాటి వేగం వాటి పొడవు మీదే ఆధారపడుతుంది. అలాంటి చోట ఆవర్తన కాలం వర్గాన్ని 1.56తో గుణిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. పది సెకన్ల అలకు 156 మీటర్లు. అదే అల ఒడ్డు దగ్గర రెండు మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం సెకనుకు 4.4 మీటర్లు, పొడవు 44 మీటర్లు. ఆమె చూసింది దాదాపు అదే.

ఒక్కటి ఆమెకు చెప్పకుండా ఆపుకున్నాను. నాలుగో లెక్కలోని 18.2 కిలోహెర్ట్జ్ తరంగం గాలిలో 16.5 కిలోమీటర్లుంటే, ఉప్పునీటిలోకి దిగగానే 12 మీటర్లకు కుంచించుకుపోతుంది, ఉప్పునీరు కరెంటును మోసే పదార్థం కాబట్టి. అదే పౌనఃపున్యం, పొడవులో వెయ్యి రెట్లకు పైగా తేడా. చెప్పాలని నాలుక దురద పెట్టింది. కానీ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న పిల్ల ముందు నా సరదా తీర్చుకోవడం న్యాయం కాదనిపించింది. డిగ్రీలో చదువుకుంటుంది.

ఈ కేసు నాకు నేర్పింది

కొట్టివేతలు చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పిల్లలకు పెన్సిల్ ఇవ్వను, పెన్నే. రబ్బరు ఆలోచనను తుడిచేస్తుంది.

జవాబును లోకంతో పోల్చి చూడమని పిల్లలకు చెప్పేటప్పుడు, దేనితో పోల్చాలో కూడా ఇవ్వాలని తెలిసింది. వైఫై దాదాపు అర జానెడు, ఎఫ్ఎం గది పొడవు, మీడియం వేవ్ వీధి పొడవు, 18 కిలోహెర్ట్జ్ పక్క ఊరి దూరం, 50 హెర్ట్జ్ దేశం పొడవుకు దాదాపు రెట్టింపు. ఈ నిచ్చెన లేకుండా "సరిచూసుకో" అనడం కొలబద్ద లేకుండా బట్ట కొలవమనడమే. ఆమె సరైన జవాబును కొట్టేసింది నేను చెప్పిన సలహాను పాటించే.

ఒక హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం కనబడితే ముందు దాన్ని ఆవర్తన కాలంగా మార్చుకోమంటాను. మిల్లీహెర్ట్జ్ అంటే ఎవరికీ ఏమీ తోచదు. అరగంట అంటే అందరికీ తోస్తుంది. చిన్న ఎమ్, పెద్ద ఎమ్ గొడవ కూడా దీంతో చాలావరకు పోయింది. అరగంటకో అల అని ఒకసారి రాసుకున్నాక, దాన్ని మెగాహెర్ట్జ్ అనుకోవడం కష్టం.

కన్వర్టర్లను మానేయమనను. లోపల ఏ వేగం బిగించారో కనుక్కున్నాకే ముట్టుకోమంటాను.

ఆ తర్వాత

పరీక్షలయ్యాక మిఠాయి డబ్బాతో వచ్చింది. మాటల్లో 2023 జూన్‌లో వచ్చిన వార్త ఒకటి చెప్పాను. పల్సార్ల, అంటే గిర్రున తిరుగుతూ గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాల, చప్పుళ్లలోని చిన్న చిన్న తేడాలు చూసి, నానోహెర్ట్జ్ స్థాయి గురుత్వ తరంగాల ఆనవాళ్లు పట్టుకున్నారు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో దుర్భిణితో పని చేసే మనవాళ్లూ అందులో ఉన్నారు. గురుత్వ తరంగాలు పోయేది కాంతి వేగంతోనే. "ఒక అల దాటడానికి పదేళ్లు పడుతుందనుకో, పొడవెంత?" అన్నాను.

పెన్ను కోసం చెయ్యి కూడా చాపలేదు. "పది కాంతి సంవత్సరాలు సార్."

ఆ ఏడు లెక్కల షీటు ఇప్పటికీ ఇస్తున్నాను. ఒక్కటే మార్చాను. ఐదో లెక్క కింద నాలుగు పంక్తుల ఖాళీ వదిలి, చిన్న అక్షరాల్లో ఇలా ముద్రించాను: "కొట్టేస్తే ఎందుకు కొట్టేశావో ఇక్కడ రాయి."